ఏ జీవి లెక్కా ఒంటరి లెక్క కాదు

1944లో అమెరికా కోస్ట్ గార్డ్ 29 రెయిన్‌డీర్‌లను బేరింగ్ సముద్రంలోని సెయింట్ మాథ్యూ దీవిలో దించింది. అక్కడి చిన్న రేడియో కేంద్రంలో పనిచేసే సిబ్బందికి సరుకులు అందని పరిస్థితి వస్తే తిండికి ఆసరాగా ఉంటాయని ఆలోచన. యుద్ధం ముగింపుకు వచ్చింది, మనుషులు వెళ్లిపోయారు, రెయిన్‌డీర్‌లు మిగిలాయి. వాటిని వేటాడే తోడేలు ఆ దీవిలో లేదు. 332 చదరపు కిలోమీటర్ల నేల మీద లైకెన్ అనే నాచు లాంటి జీవి మెత్తటి పరుపులా పరుచుకుని ఉంది. చలికాలంలో రెయిన్‌డీర్‌కు ప్రాణాధారం ఆ లైకెనే.

డేవిడ్ క్లైన్ అనే జీవశాస్త్రవేత్త 1957లో వెళ్లి లెక్కపెడితే 1,350 ఉన్నాయి. బాగా బలిసి, నిగనిగలాడుతూ ఉన్నాయి. 1963లో మళ్లీ వెళ్లేసరికి 6,000 అయ్యాయి, కానీ ఒక్కోదాని బరువు బాగా తగ్గింది. ఆ శీతాకాలం మంచు విపరీతంగా కురిసింది. 1966లో మూడోసారి అడుగుపెట్టిన క్లైన్‌కు దీవి నిండా ఎముకలు కనిపించాయి. బతికి ఉన్నవి 42. వాటిలో మగది ఒక్కటే, దాని కొమ్ములు కూడా సరిగా ఎదగలేదు. పిల్ల ఒక్కటీ లేదు. తరువాతి రెండు దశాబ్దాల్లో ఆ 42 కూడా అంతరించాయి.

జీవావరణ శాస్త్రం పాఠాల్లో జనాభా పెరుగుదల ఒక అధ్యాయం, జాతుల మధ్య సంబంధాలు మరో అధ్యాయం. మొదటిదాంట్లో సూత్రాలు, రేఖాచిత్రాలు ఉంటాయి. రెండోదాంట్లో ఎవరు ఎవరిని తింటారు, ఎవరు ఎవరికి సాయపడతారు అనే పట్టికలు ఉంటాయి. విద్యార్థి రెండింటినీ విడివిడిగా నేర్చుకుని విడివిడిగా మరచిపోతాడు. సెయింట్ మాథ్యూ దీవి మాత్రం ఆ రెండూ ఒకటే పాఠమని చూపిస్తుంది. రెయిన్‌డీర్ సంఖ్యను నిర్ణయించింది రెయిన్‌డీర్ కాదు. అక్కడ ఉన్న లైకెన్, అక్కడ లేని తోడేలు.

ముందు పెరుగుదల సంగతి చూద్దాం. 19 ఏళ్లలో 29 నుంచి 6,000 అంటే సగటున ఏటా సుమారు 32 శాతం పెరుగుదల. రెండున్నరేళ్లకోసారి మంద రెట్టింపయింది. ఇది చక్రవడ్డీ లెక్క. పుట్టిన ప్రతి పిల్లా పెరిగి తానూ పిల్లల్ని కంటుంది కాబట్టి వడ్డీ మీద వడ్డీ పెరుగుతుంది. శాస్త్రంలో దీన్ని ఘాతాంక వృద్ధి అంటారు. గీత గీస్తే ఇంగ్లిష్ జె అక్షరంలా చాలాసేపు నేలబారుగా సాగి, హఠాత్తుగా నిటారుగా లేస్తుంది. నిజానికి ఆ గీతలో హఠాత్తుగా జరిగింది ఏమీ లేదు. మొదటి ఏడాదీ చివరి ఏడాదీ పెరుగుదల శాతం దాదాపు ఒకటే. మన కంటికి కనబడే పెరుగుదల మాత్రమే ఆలస్యంగా కనబడుతుంది. తెగుళ్ల విషయంలో, కలుపు మొక్కల విషయంలో మనుషులు పదేపదే మోసపోయేది ఇక్కడే. సమస్య చిన్నదిగా ఉందనిపించే రోజుల్లోనే అది తన పూర్తి వేగంతో పెరుగుతూ ఉంటుంది.

చక్రవడ్డీని చివరిదాకా సాగనిస్తే ఏమవుతుందో బాక్టీరియాతో లెక్క కట్టవచ్చు. అనుకూల పరిస్థితుల్లో ఇ. కోలై 20 నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. అంటే రోజుకు 72 తరాలు. ఒక్క కణంతో మొదలుపెడితే మర్నాటికి 47 పక్కన 20 సున్నాలు పెట్టినన్ని కణాలవుతాయి. ఒక కణం బరువు గ్రాములో లక్ష కోట్లవ వంతు అనుకున్నా మొత్తం 4,700 టన్నులు. రెండో రోజు ముగియకముందే ఆ ముద్ద భూమి బరువును దాటిపోవాలి. అలా జరగదని అందరికీ తెలుసు. ఎందుకు జరగదు, ఎవరు ఆపుతున్నారు అన్నదే జీవావరణ శాస్త్రంలో అసలు ప్రశ్న.

బెల్జియం గణితవేత్త పియేర్ ఫ్రాంస్వా వెర్హుల్స్ట్ 1838లో దీనికి ఒక జవాబు రాశాడు. ఒక చోటు మోయగల సంఖ్యకు హద్దు ఉంటుంది. జనాభా ఆ హద్దుకు దగ్గరయ్యేకొద్దీ ఒక్కో జీవికి దక్కే తిండి, చోటు తగ్గుతాయి. పుట్టేవి తగ్గుతాయి, చచ్చేవి పెరుగుతాయి. గీత వంగి, పడుకోబెట్టిన ఎస్ అక్షరంలా సాగి, హద్దు దగ్గర నిలకడపడుతుంది. దీన్నే లాజిస్టిక్ వృద్ధి అంటారు. ఈ లెక్కలో ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. జనాభా హద్దులో సరిగ్గా సగం ఉన్నప్పుడు కొత్తగా చేరే సంఖ్య అన్నిటికన్నా ఎక్కువ. మరీ తక్కువ ఉంటే కనేవి తక్కువ, మరీ ఎక్కువ ఉంటే బతికి బట్టకట్టేవి తక్కువ. చేపల వేటలో ఎంత మేర పడితే నష్టం ఉండదు అనే లెక్కలు చాలాకాలం ఈ సగం చుట్టూనే తిరిగాయి.

ఈ సూత్రం అందంగా ఉంది, ప్రయోగశాలలో పనిచేస్తుంది. కానీ చదివేవారి మనసులో ఒక తప్పు బొమ్మను మిగుల్చుతుంది. మోయగల హద్దు అంటే బస్సులో గోడ మీద రాసిన సీట్ల సంఖ్య లాంటిదని, ముందే నిర్ణయమై మారకుండా ఉంటుందని అనిపిస్తుంది. సెయింట్ మాథ్యూలో ఆ హద్దు ఏ అంకె? 1957లో కొలిస్తే ఒకటి వచ్చేది, 1966లో కొలిస్తే మరొకటి. రెయిన్‌డీర్‌లు కేవలం హద్దును దాటలేదు, హద్దునే కరిగించాయి. లైకెన్ చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఒకసారి మేసిన చోట మునుపటి మందం రావడానికి దశాబ్దాలు పడుతుంది. ఏటా పెరిగే కాస్తా వడ్డీ అనుకుంటే, అప్పటికే పేరుకుని ఉన్న పరుపు అసలు. రెయిన్‌డీర్‌లు వడ్డీతో సరిపెట్టుకోలేదు, అసలును తినేశాయి. అసలు తింటున్నంతకాలం ఏ కొరతా కనబడదు. ఆలస్యంగా వచ్చే హెచ్చరిక వల్ల జనాభా హద్దు దగ్గర నిలబడకుండా దాన్ని దాటిపోయి కుప్పకూలుతుంది.

అంటే ఆ హద్దు అనే అంకె వెనుక ఇంకో జీవి ఉంది. ఇక్కడి నుంచి జాతుల మధ్య సంబంధాల్లోకి అడుగుపెడుతున్నాం.

1930ల్లో మాస్కోలో గియోర్గి గాజ్ అనే యువ శాస్త్రవేత్త గాజు గొట్టాల్లో పేరమీసియంలను పెంచాడు. ఇవి ఒకే కణంతో బతికే, నీటిలో ఈదే సూక్ష్మజీవులు. అరేలియా అనే జాతిని విడిగా పెంచితే చక్కటి ఎస్ గీత వచ్చింది. కాడేటమ్ అనే జాతిని విడిగా పెంచినా అంతే. వెర్హుల్స్ట్ సూత్రానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు. తరువాత రెండింటినీ ఒకే గొట్టంలో, ఒకే బాక్టీరియా ఆహారం మీద పెట్టాడు. అరేలియా నిలిచింది, కాడేటమ్ క్రమంగా మాయమైంది. గొట్టం అదే, నీరు అదే, తిండి అదే. అయినా కాడేటమ్‌కు ఆ గొట్టం మోయగల సంఖ్య సున్నా అయిపోయింది. గాజ్ అక్కడితో ఆగలేదు. కాడేటమ్‌ను బుర్సేరియా అనే మూడో జాతితో కలిపి పెడితే రెండూ బతికాయి. కాడేటమ్ పైభాగంలో తేలియాడే బాక్టీరియాను తింటే, బుర్సేరియా అడుగున పేరుకున్న ఈస్టును తింది. అడుగున ఆక్సిజన్ తక్కువ. అయితే బుర్సేరియా ఒంట్లో ఆకుపచ్చటి ఆల్గే కాపురముండి ఆక్సిజన్ అందిస్తుంది. సహకారం వల్ల దొరికిన వెసులుబాటు పోటీ నుంచి తప్పించింది. బతుకుతెరువు ఒక్కటే అయితే ఇద్దరిలో ఒకరే మిగులుతారు, వేరైతే ఇద్దరికీ చోటుంటుంది. ఈ సూత్రాన్ని పోటీ బహిష్కరణ అంటారు.

గాజు గొట్టంలో జరిగింది సముద్రపు ఒడ్డున జరుగుతుందా అనే అనుమానం సహజమే. జోసెఫ్ కానెల్ స్కాట్లండ్ తీరంలోని రాళ్ల మీద ఆ అనుమానం తీర్చాడు. 1961లో వెలువడిన ఆ అధ్యయనం బార్నకిల్స్ గురించి. ఇవి రాతికి శాశ్వతంగా అతుక్కుని, చిన్న సున్నపు గూళ్లలో బతికే జీవులు. ఆ రాళ్ల మీద పైవరుసలో ఒక చిన్న జాతి, కిందివరుసలో ఒక పెద్ద జాతి, గీత గీసినట్టు వేరువేరుగా ఉండేవి. కానెల్ కొన్ని రాళ్ల మీద చిన్నవాటి చుట్టూ ఉన్న పెద్దవాటిని గీకి తీసేశాడు. చిన్న జాతి కిందిదాకా హాయిగా బతికింది. తీసేయని చోట పెద్దవి పెరుగుతూ చిన్నవాటి అంచు కిందకి దూరి రాతి నుంచి పైకి లేపేయడం, పక్కల నుంచి నొక్కి నలిపేయడం, మీదకి పెరిగి కప్పేయడం కళ్లారా చూశాడు. పెద్ద జాతి పైకి ఎందుకు పోదు? ఆటు సమయంలో ఎండకు ఎండిపోతుంది కాబట్టి. ఒక జీవికి పైహద్దు వాతావరణం పెడుతుంది, కిందిహద్దు పొరుగు జీవి పెడుతుంది. ఎక్కడ బతకగలదు అన్నది ఒక ప్రశ్న, ఎక్కడ బతకనిస్తారు అన్నది మరో ప్రశ్న.

వేట విషయంలో మన సహజ ఆలోచన ఇంకా ఎక్కువగా తప్పుతుంది. వేటాడే జీవి ఉంటే వేటకు గురయ్యే జాతులకు నష్టమే కదా అనుకుంటాం. 1963లో రాబర్ట్ పెయిన్ అమెరికా పసిఫిక్ తీరంలో ఒక రాతి ఒడ్డున సముద్ర నక్షత్రాలను (స్టార్‌ఫిష్) గునపంతో ఊడదీసి నీళ్లలోకి విసిరేయడం మొదలుపెట్టాడు. అలా పదేపదే చేస్తూ ఆ మేర వాటిని లేకుండా చేశాడు. అవి ఇష్టంగా తినే ఆల్చిప్పలు అడ్డూ ఆపూ లేకుండా పెరిగి రాతిని ఆక్రమించాయి. మొదట 15 జాతులున్న చోట 8 మిగిలాయి. వేటగాడు పోతే జీవవైవిధ్యం పెరగలేదు, సగానికి పడిపోయింది. బలమైన పోటీదారుణ్ణి సముద్ర నక్షత్రం తింటూ ఉండటం వల్లనే బలహీనులకు జాగా దొరికేది. ఆర్చి నడినెత్తిన ఉండే రాయి తీసేస్తే మిగతా రాళ్లన్నీ జారిపోతాయి. అలాంటి రాయి పేరుతోనే ఇలాంటి జీవులను పెయిన్ కీస్టోన్ జాతులు అన్నాడు.

వేటగాడికీ వేటకూ మధ్య సంఖ్యల ఆట ఎలా సాగుతుందో చెప్పిన లెక్క పుట్టుక చేపల మార్కెట్‌లో. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఏడ్రియాటిక్ సముద్రంలో చేపల వేట బాగా తగ్గింది. ఉంబెర్టో డాంకోనా అనే జీవశాస్త్రవేత్త మార్కెట్ రికార్డులు తిరగేస్తే ఒక వింత కనిపించింది. ఆ సముద్ర తీరంలోని ఫ్యూమే రేవులో అమ్ముడైన చేపల్లో సొరచేపల వంటి వేటాడే చేపల వాటా 1914లో 11.9 శాతం ఉంటే 1918లో 36.4 శాతానికి చేరింది. వేట తగ్గితే అన్ని చేపలూ పెరగాలి గానీ వేటాడేవే ఎందుకు ఎక్కువగా పెరిగాయి? ఆయన ఈ ప్రశ్నను గణితవేత్త వీటో వోల్టెర్రా ముందు పెట్టాడు. 1926లో వోల్టెర్రా జవాబిచ్చాడు. అమెరికాలో ఆల్ఫ్రెడ్ లోట్కా అంతకుముందే స్వతంత్రంగా అవే సమీకరణాలకు చేరుకున్నాడు. ఎర పెరిగితే వేటగాడు పెరుగుతాడు, వేటగాడు పెరిగితే ఎర తగ్గుతుంది, ఎర తగ్గితే వేటగాడు ఆకలితో తగ్గుతాడు, అప్పుడు ఎర మళ్లీ పుంజుకుంటుంది. ఈ చక్రంలోకి మనిషి దిగి రెండింటినీ సమానంగా చంపితే దెబ్బ వేటగాడికే ఎక్కువ. చంపినందుకు ఒక దెబ్బ, తిండి తగ్గినందుకు మరో దెబ్బ. ఎరకు మాత్రం ఒక నష్టం, దానితోపాటు శత్రువు తగ్గిన లాభం.

ఈ ఫలితం చేపలకే పరిమితం కాదు. కాలిఫోర్నియా నారింజ తోటలను ఒక పొలుసు పురుగు నాశనం చేస్తుంటే 1888లో ఆస్ట్రేలియా నుంచి ఒక రకం అక్షింతల పురుగును తెప్పించి వదిలారు. త్వరలోనే తెగులు అదుపులోకి వచ్చింది. దశాబ్దాల తరువాత, 1940ల్లో, డీడీటీ అనే పురుగుమందు చల్లడం మొదలైంది. మందు రెండింటినీ చంపింది. కాపలాదారు పోయాడు, పొలుసు పురుగు తిరిగొచ్చింది. పురుగుమందు వాడకం మీద ఎంత చర్చ జరిగినా ఈ ఒక్క లెక్క అందులో వినపడకపోవడం బాధాకరం. చల్లిన మందు ఎన్ని పురుగులను చంపింది అని కాదు, ఏ పురుగుకు ఎవరు కాపలా ఉన్నారు అని ముందు అడగాలి.

అయితే లోట్కా, వోల్టెర్రాల చక్రాన్ని ప్రకృతిలో యథాతథంగా వెతికితే నిరాశే. కెనడాలో మంచు కుందేళ్లు, వాటిని తినే లింక్స్ అనే అడవిపిల్లులు సుమారు పదేళ్లకోసారి పెరిగి తగ్గుతాయి. హడ్సన్స్ బే కంపెనీ బొచ్చుతోళ్ల రికార్డుల్లో అది స్పష్టంగా కనబడుతుంది. పుస్తకాల్లో ఇది వేటగాడు, ఎర ఉదాహరణగా స్థిరపడింది. చార్లెస్ క్రెబ్స్ బృందం యూకాన్ అడవుల్లో ఏళ్ల తరబడి ప్రయోగం చేసి 1995లో ఫలితాలు ప్రకటించింది. వేటాడే క్షీరదాలను కంచె వేసి ఆపితే కుందేళ్ల సాంద్రత రెట్టింపయింది. అదనంగా తిండి పెడితే మూడు రెట్లయింది. రెండూ చేస్తే పదకొండు రెట్లయింది. రెట్టింపూ మూడు రెట్లూ కలిస్తే ఆరు రెట్లు కావాలి కదా? ఆకలిగా ఉన్న కుందేలు తిండి కోసం ఎక్కువసేపు బయట తిరిగి సులువుగా దొరికిపోతుంది, భయపడుతున్న కుందేలు సరిగా తినదు. ఆకలీ భయమూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయని చూస్తే ఆ అంకె అంత వింతగా అనిపించదు. రెండింటిలో ఏది ముఖ్య కారణం అనే ప్రశ్నే తప్పు.

పరాన్నజీవుల గురించి ఒక్క మాట. అవి వేటగాళ్లలా వెంటనే చంపవు, చంపితే వాటికే నష్టం. ఆస్ట్రేలియాలో కుందేళ్లను అదుపు చేయడానికి 1950లో వదిలిన మిక్సోమా వైరస్ మొదట సోకినవాటిలో 99 శాతానికి పైగా చంపేది. కొన్నేళ్లలోనే అంత తీవ్రత లేని రకాలు పైచేయి సాధించాయి. దోమల ద్వారా వ్యాపించే వైరస్‌కు కుందేలు కొన్నాళ్లు బతికి ఉండటమే లాభం. అదే సమయంలో కుందేళ్లలోనూ తట్టుకునే శక్తి పెరిగింది.

పాఠ్యపుస్తకాల పట్టికలో ప్రతి సంబంధానికీ గుర్తులుంటాయి: లాభపడే జీవికి ప్లస్, నష్టపోయే జీవికి మైనస్, ఏ ప్రభావమూ లేనిదానికి సున్నా. పోటీకి రెండు మైనస్‌లు, వేటకూ పరాన్నజీవనానికీ ఒక ప్లస్, ఒక మైనస్, పరస్పర సహకారానికి రెండు ప్లస్‌లు, సహభోజకత్వానికి ఒక ప్లస్, ఒక సున్నా. మొదటిరోజు నేర్చుకోవడానికి ఇది బాగానే ఉంటుంది. కానీ సున్నా అని రాసిన చోట చాలాసార్లు ఉన్నది ఇంకా ఎవరూ కొలవని ప్రభావమే. ప్లస్‌లు కూడా స్థిరం కావు. తూర్పు ఆఫ్రికా గడ్డిమైదానాల్లో గాలి వీస్తే ఈల వేసినట్టు మోగే ఒక తుమ్మ చెట్టు ఉంది. దాని ముళ్ల మొదళ్లు ఉబ్బి బోలుగా ఉంటాయి, చీమలు వాటిలో కాపురం పెడతాయి. చెట్టు వాటికి తేనె కూడా ఇస్తుంది. బదులుగా ఏనుగో జిరాఫీయో కొమ్మ మీద నోరు పెడితే చీమలు మూకుమ్మడిగా కుడతాయి. ఇల్లు, తిండి ఇచ్చి కాపలా పెట్టుకున్నట్టే.

కెన్యాలో పరిశోధకులు కొన్ని చెట్ల చుట్టూ పదేళ్లు కంచె వేసి పెద్ద జంతువులను రానివ్వలేదు. శత్రువు లేడు కాబట్టి చెట్లు మరింత ఏపుగా పెరగాలి. 2008లో ప్రకటించిన ఫలితం అందుకు విరుద్ధం. ముప్పు తగ్గేసరికి చెట్లు తేనె, ఉబ్బు ముళ్లు తగ్గించాయి. కాపలా చీమలు బలహీనపడ్డాయి. వాటి స్థానంలోకి వచ్చిన మరో జాతి చీమలకు ముళ్లతో పనిలేదు, పెంకుపురుగులు కాండంలో తొలిచిన రంధ్రాల్లో ఉంటాయి. అందుకే ఆ పురుగులను అడ్డుకోవు. చెట్లు నెమ్మదిగా పెరిగాయి, ఎక్కువగా చచ్చాయి. ఏనుగు తినడం చెట్టుకు మైనస్ అని పట్టికలో రాసుకున్నాం. ఆ మైనస్ తీసేస్తే చీమకూ చెట్టుకూ మధ్య ఉన్న ప్లస్‌లు కూడా పోయాయి.

ఇవన్నీ ఒకేచోట కలిసి కనబడే ప్రదేశం అమెరికాలోని సుపీరియర్ సరస్సులో ఉన్న ఐల్ రాయల్ దీవి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మూస్ అనే భారీ దుప్పులు అక్కడికి చేరాయి. 1940ల చివర్లో సరస్సు గడ్డకట్టినప్పుడు మంచు మీదుగా తోడేళ్లు వచ్చాయి. 1958 నుంచి శాస్త్రవేత్తలు రెండింటినీ లెక్కపెడుతున్నారు. సెయింట్ మాథ్యూలో లేని వేటగాడు ఇక్కడ ఉన్నాడు. 1980లో తోడేళ్లు 50 ఉండేవి. రెండేళ్లలో 14కు పడిపోయాయి. కారణం కుక్కలకు సోకే పార్వోవైరస్. సందర్శకులెవరో వెంట తెచ్చిన కుక్క ద్వారా వచ్చి ఉంటుందని పరిశోధకుల అంచనా. తోడేళ్లు తగ్గాక మూస్ పెరుగుతూ పోయి 1990ల మధ్యకు సుమారు 2,400 అయ్యాయి. 1996 నాటి కఠినమైన చలికాలంలో ఆకలితో మూకుమ్మడిగా చచ్చి 500 దరిదాపుల్లో మిగిలాయి. తోడేళ్లు మాత్రం కోలుకోలేదు. కొద్ది సంఖ్యలో తమలో తామే జతకట్టడం వల్ల పుట్టుక లోపాలు పెరిగాయి. 2016కు రెండే మిగిలాయి, అవి తండ్రీకూతుళ్లు. 2018, 2019లలో బయటి నుంచి 19 తోడేళ్లను తెచ్చి వదిలారు.

ఆ దీవిలో మూస్ చలికాలంలో ఎక్కువగా మేసేది బాల్సమ్ ఫర్ అనే చెట్టు. దాని కాండంలో ఏడాదికో వలయం ఏర్పడుతుంది. పరిశోధకులు ఆ వలయాలను కొలిచి తోడేళ్ల, మూస్ లెక్కల పక్కన పెట్టి చూశారు. తోడేళ్లు తగ్గి మూస్ పెరిగిన కాలాల్లో వలయాలు సన్నగా ఉన్నాయి, మూస్ తగ్గిన కాలాల్లో వెడల్పుగా ఉన్నాయి.